చచ్చిందనుకున్న ఫోన్ లేస్తుందా?

"ఫోన్ మంచిగనే ఉండె. కొత్తది వచ్చినంక దీన్ని బీరువల పెట్టినం. నాలుగేండ్లయింది. ఇప్పుడు ఛార్జింగ్ పెడితే ఎక్కుతలేదు. వాడనే వాడలేదు గదా, ఎట్ల ఖరాబైంది?"

జగిత్యాల జిల్లా గొల్లపల్లిలోనో, కోరుట్లలోనో, పక్కనున్న సిరిసిల్లలోనో సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది. అడిగేవాళ్లకు ఆ ఫోన్ ఖరీదు మీద ఆశ ఉండదు. దాన్ని అమ్మితే ఎంతొస్తుందో వాళ్లకు తెలుసు. వాళ్లకు కావలసింది లోపల ఉన్నది.

ఈ ప్రాంతం దశాబ్దాలుగా గల్ఫ్‌కు మనుషుల్ని పంపుతున్న ప్రాంతం. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్, ఖతర్ అనే పేర్లు ఇక్కడి ఇళ్లలో పక్క ఊరి పేర్లంత మామూలుగా వినబడతాయి. తండ్రి అక్కడ, పిల్లలు ఇక్కడ పెరిగిన ఇళ్లు ఎన్నో. ఆ ఏండ్ల సంసారమంతా ఫోన్‌లోనే నడిచింది. బిడ్డ మొదటిసారి బడికి పోయిన ఫోటో, అవ్వ పంపిన వాయిస్ మెసేజి, క్యాంపు గదిలో తోటివాళ్లతో దిగిన ఫోటో, ఇల్లు కడుతుంటే పునాది నుంచి స్లాబు దాకా తమ్ముడు తీసి పంపిన వీడియోలు, అన్నీ అందులోనే ఉండిపోయాయి. ఆ ఫోన్ ఆన్ కావడం లేదంటే ఒక కుటుంబం ఆల్బమ్‌కు తాళం పడ్డట్టే.

కాబట్టి ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పుకోవాలి. ముందే ఒక మాట. ఇలా ఆగిపోయిన ఫోన్లలో చాలావాటికి బోర్డు బాగానే ఉంటుంది, ఫోటోలు భద్రంగానే ఉంటాయి. బ్యాటరీ మాత్రం ఒక గీత కిందికి దిగిపోయి ఉంటుంది. ఆ గీత ఏమిటో తెలిస్తే ఫోన్‌ను ఎలా లేపాలో, ఏ ఫోన్‌ను లేపే ప్రయత్నం చేయకూడదో కూడా తెలుస్తుంది.

బ్యాటరీ లోపల ఏముంది?

ఫోన్ బ్యాటరీ చూడటానికి చదునైన చిన్న పొట్లం. లోపల రెండు పల్చటి లోహపు రేకులను ఒకదానిమీద ఒకటి పరిచి, చుట్టగా చుట్టి పెడతారు. ఒకటి అల్యూమినియం రేకు. దాని మీద లిథియం, కోబాల్టు, ఆక్సిజన్ కలిసిన పదార్థం పూసి ఉంటుంది. రెండోది రాగి రేకు. దాని మీద గ్రాఫైటు పూత, అంటే పెన్సిల్ ముల్లులో ఉండే నల్లటి పదార్థం. ఈ రెండూ తగలకుండా మధ్యలో ఉల్లిపొర కన్నా పల్చని ప్లాస్టిక్ పొర. వీటన్నిటినీ తడుపుతూ లిథియం లవణం కరిగించిన ఒక ద్రవం. ఆ ద్రవానికి మండే గుణం ఉంది. ఈ సంగతి తరువాత మళ్లీ అవసరపడుతుంది.

ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం కణాలు కోబాల్టు వైపు నుంచి బయలుదేరి, పొరను దాటి గ్రాఫైటు పొరల మధ్య చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు అవే కణాలు వెనక్కి వస్తాయి. అవి ద్రవంలో వెనక్కి నడుస్తుంటే ఎలక్ట్రాన్లు బయటి దారిలో, అంటే ఫోన్ బోర్డు గుండా ప్రయాణిస్తాయి. ఆ ప్రయాణమే మనం వాడుకునే కరెంటు.

ఈ ఏర్పాటు ఒక్కరి బుర్రలో పుట్టింది కాదు. స్టాన్లీ విటింగ్‌హామ్ 1970లలో లిథియంతో మళ్లీ మళ్లీ ఛార్జి చేయగల బ్యాటరీకి దారి వేశాడు. జాన్ గుడినఫ్ 1980లో కోబాల్టు ఆక్సైడు వాడి దాని బలం పెంచాడు. జపాన్‌లో అకిరా యోషినో 1985లో శుద్ధ లిథియం లోహం అవసరం లేని, ప్రమాదం తగ్గిన నమూనా చేశాడు. 1991లో సోనీ కంపెనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయసు 97 ఏండ్లు. నోబెల్ అందుకున్నవారిలో ఆయనే అందరికన్నా పెద్దవాడు.

ఇక ఆ గీత సంగతి. ఈ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజి సుమారు 4.2. కొత్త ఫోన్లలో 4.4 దాకా ఉంటుంది. వాడుతుంటే తగ్గుతూ వస్తుంది. 3.4కు కాస్త అటూ ఇటూగా చేరగానే ఫోన్ 0 శాతం చూపించి ఆగిపోతుంది. అంటే సున్నా శాతం దగ్గర బ్యాటరీ నిజంగా ఖాళీ కాదు. ఇంకా కొంత మిగిలి ఉండగానే, బ్యాటరీ పాడవకుండా ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. మామూలుగా అదే రాత్రి మనం ఛార్జింగ్ పెడతాం కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు. పెట్టకుండా బీరువాలో దాచినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

ఆఫ్ చేసినా ఆగని ఖర్చు

"వాడనే వాడలేదు గదా" అన్నదే పై ప్రశ్నలో కీలకమైన మాట. ఫోన్ ఆఫ్ చేసినా బ్యాటరీ ఖర్చు ఆగదు. ఆ ఖర్చుకు మూడు దారులున్నాయి.

ఒకటి, ఫోన్‌లో గడియారం నడుస్తూనే ఉంటుంది. పవర్ బటన్ ఎప్పుడు నొక్కుతారా అని ఒక చిప్ కనిపెట్టుకుని ఉంటుంది. ఆ రెండింటికీ చాలా తక్కువ కరెంటు చాలు. కానీ రాత్రీ పగలూ కావాలి. రెండు, బ్యాటరీ తలదగ్గర అతికించిన చిన్న రక్షణ బోర్డు తన పని కోసం కొంత తీసుకుంటుంది. మూడు, బ్యాటరీ లోపలి పదార్థాలు ఒకదానితో ఒకటి మెల్లగా చర్య జరుపుతూ నిల్వను వాటంతటవే తగ్గించుకుంటాయి. దీన్ని సెల్ఫ్ డిశ్చార్జి అంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. బ్యాటరీ సామర్థ్యం 3000 ఎంఏహెచ్ అనుకుందాం. ఈ మూడు దారుల్లో కలిసి నెలకు 2 శాతం, అంటే 60 ఎంఏహెచ్ పోతుందనుకుందాం. సగం ఛార్జింగ్‌తో, అంటే 1500తో దాస్తే అది 25 నెలలు వస్తుంది. 10 శాతంతో, అంటే 300తో దాస్తే 5 నెలలకే అయిపోతుంది. సున్నా దగ్గర ఆగిన ఫోన్‌నే దాస్తే, మిగిలిన ఆ కాస్తా కొద్ది వారాల్లోనో నెలల్లోనో హరించుకుపోతుంది. ఫోన్‌ను బట్టి, బ్యాటరీ వయసును బట్టి అంకెలు మారతాయి గానీ లెక్క తీరు ఇదే.

మన ఇళ్లలో జరిగేది సరిగ్గా మూడో రకం. కొత్త ఫోన్ వచ్చిన రోజు సిమ్ము తీసి దాంట్లో వేస్తారు. పాతది ఎంత ఛార్జింగ్‌తో ఉందో ఎవరూ చూడరు. ఒకటి రెండు రోజులు పిల్లలు ఆటలు ఆడి, అది ఆగిపోయాక పక్కన పడేస్తారు. ఆ తరువాతే అది బీరువాలోకి చేరుతుంది.

దీనికి మన ఎండ తోడవుతుంది. జగిత్యాల జిల్లాలో నడి వేసవిలో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. రసాయన చర్యల వేగం స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుందని శాస్త్రజ్ఞులు ఒక మోటు లెక్క వాడతారు. ఆ ప్రకారం 25 డిగ్రీల గదిలో జరిగే లోపలి అరుగుదల 45 డిగ్రీల్లో సుమారు నాలుగింతలు. రేకుల ఇంట్లో, అటక మీద, గోడకు ఆనించిన ఇనుప బీరువా పై అరలో వేడి ఇంకా ఎక్కువే. ఐఫోన్ తయారుచేసే ఆపిల్ కంపెనీ చాలాకాలం దాచే ఫోన్‌ను సగం ఛార్జింగ్‌తో, 32 డిగ్రీలకు మించని చల్లటి చోట ఉంచి, ఆరు నెలలకోసారి మళ్లీ సగానికి ఎక్కించమని చెబుతుంది. మన వేసవికి ఆ సలహా మరీ అవసరం.

రక్షణ బోర్డు ఎందుకు తెగ్గొడుతుంది?

వోల్టేజి 3 కిందికి, ఆ తరువాత 2.5 దగ్గరికి జారిందనుకోండి. అప్పుడు బ్యాటరీ తలదగ్గరున్న రక్షణ బోర్డు బ్యాటరీకీ ఫోన్‌కూ మధ్య దారిని పూర్తిగా మూసేస్తుంది. ఈ దశలో మెకానిక్ మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ కొసల దగ్గర సున్నా చూపించవచ్చు. "బ్యాటరీ డెడ్" అన్న తీర్పు చాలాసార్లు ఇక్కడే వెలువడుతుంది. కానీ దారి మూసుకుందంటే లోపల ఏమీ లేదని అర్థం కాదు. మిగిలిన ఆ కొంచెమైనా నిలవాలని బోర్డు చేసిన పని అది.

ఎందుకంత జాగ్రత్త? రాగి రేకు వల్ల. వోల్టేజి 2 కన్నా బాగా తగ్గిపోయి, చాలాకాలం అలాగే ఉంటే రాగి రేకు లోపలి ద్రవంలోకి కొద్దికొద్దిగా కరగడం మొదలవుతుంది. అలాంటి బ్యాటరీకి మళ్లీ ఛార్జింగ్ పెడితే కరిగిన రాగి ఉన్నచోట ఉండదు, ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. అది సన్నని మొలకల్లా పెరిగి మధ్యనున్న ప్లాస్టిక్ పొరను దాటిందంటే రెండు వైపులూ లోపలే కలిసిపోతాయి. అదే లోపలి షార్టు. బ్యాటరీ వేడెక్కుతుంది, ఒక్కోసారి మంట పుడుతుంది. ఈ ప్రమాదం ఉంది కాబట్టే కొన్ని రక్షణ బోర్డులు, వోల్టేజి మరీ అడుగంటితే ఛార్జరు పెట్టినా ఒప్పుకోకుండా ఉండేలా తయారవుతాయి.

దీన్నిబట్టి ఆగిపోయిన ఫోన్లు మూడు రకాలు. రక్షణ బోర్డు తెగ్గొట్టలేదు గానీ ఫోన్ ఆన్ కావడానికి సరిపడా బలం లేనివి. బోర్డు తెగ్గొట్టినా లోపల ఇంకా జీవం ఉన్నవి. అడుగంటిపోయి రాగి కరిగినవి. మొదటి రెండూ లేస్తాయి. మూడో రకాన్ని బలవంతంగా లేపకూడదు, బ్యాటరీ మార్చాలి.

బావి మోటరుకు నీళ్లు పోసినట్టు

వ్యవసాయ బావి మీద కరెంటు మోటరు నడిపిన ప్రతి రైతుకూ ఒక సంగతి తెలుసు. కొన్నాళ్లు నడపకుండా వదిలేస్తే, అడుగున ఉన్న ఫుట్‌వాల్వు సందులోంచి పైపులోని నీళ్లు మెల్లమెల్లగా బావిలోకి దిగిపోతాయి. అప్పుడు స్విచ్చు వేస్తే మోటరు గిర్రున తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. బావిలో నీళ్లున్నాయి, కరెంటు ఉంది, మోటరు మంచిగనే ఉంది. కానీ పైపు ఖాళీ. రైతు బిందెతో నీళ్లు తెచ్చి, పైనుంచి పోసి, పైపు నిండాక స్విచ్చు వేస్తాడు. అప్పుడు ధార పడుతుంది. ఆ మొదటి నీళ్లు పొలానికి పారడానికి కావు, మోటరు అందుకోవడానికి.

అడుగంటిన బ్యాటరీకి ఫోన్ లోపలి ఛార్జింగ్ చిప్ చేసేది ఇదే. బ్యాటరీ 3 వోల్టుల కింద ఉందని పసిగడితే అది మామూలు వేగంతో కరెంటు ఎక్కించదు. మామూలుగా ఇచ్చేదానిలో సుమారు పదోవంతు మాత్రమే పోస్తుంది. దీన్ని ప్రీ ఛార్జి అంటారు, మనం తొలి ఛార్జి అనుకుందాం. వోల్టేజి 3 దాటాకే పూర్తి వేగం మొదలవుతుంది. ఫోన్ ఆన్ కావడానికి ఇంకా పైకి ఎక్కాలి. ఈ తొలి ఛార్జి సాగినంతసేపూ చాలా ఫోన్లు తెర మీద ఏమీ చూపించవు. బొమ్మ చూపించడానికి కావలసిన శక్తి కూడా అప్పటికి లేదు మరి.

ఛార్జరు పెట్టి అయిదు నిమిషాలు చూసి "పోయింది" అని తీసేసేవాళ్లు సరిగ్గా ఈ దశలోనే తీసేస్తున్నారు. పైపు నిండకముందే మోటరు ఆపేసినట్టు. ఓపిక పట్టి ఉంటే లేచే ఫోన్లు ఎన్నో ఇలా చెత్తలోకి పోతున్నాయి.

లేపే క్రమం

మొదట ఫోన్‌ను చదునైన బండ మీద పెట్టి చూడండి. వెనక భాగం ఉబ్బిందా, తెర అంచు లేచిందా, వేలితో మూల నొక్కితే ఫోన్ ఊగుతోందా? వీటిలో ఏది కనబడినా ఇక్కడే ఆగండి. అలాంటి ఫోన్ గురించి కింద వేరుగా చెబుతాను.

ఉబ్బు లేకపోతే ఛార్జింగ్ పిన్ను చూడండి. బ్యాగుల్లో, జేబుల్లో తిరిగిన ఫోన్ రంధ్రంలో దూదిపోగులు, దుమ్ము గట్టిగా కూరుకుని ఉంటాయి. పొడి చెక్క పుల్లతో మెల్లగా తీయండి, సూది వాడకండి. వానకాలం తేమకు లోపల పచ్చటి చిలుము పట్టి ఉంటే దుకాణంలో శుభ్రం చేయించండి.

తరువాత గోడకు పెట్టే మంచి ఛార్జరు, పాడవని కేబుల్ తీసుకోండి. కంప్యూటర్‌కు పెట్టి ఛార్జి చేయకండి. కంప్యూటర్ పోర్టు పూర్తిగా ఆగిపోయిన పరికరానికి చాలా తక్కువ కరెంటే ఇవ్వవచ్చు. అతివేగపు ఛార్జరు కావాలని వెతకనక్కరలేదు. అలాంటి ఛార్జరుకూ ఫోన్‌కూ మధ్య ముందు ఒప్పందం కుదరాలి, స్పృహలేని ఫోన్ ఆ ఒప్పందం చేసుకోలేదు. పాత తరహా 5 వోల్టుల ఛార్జరు చాలు.

ఫోన్‌ను మంచం మీద, పరుపు మీద పెట్టకండి. బండల మీద, చుట్టూ బట్టలూ కాగితాలూ లేకుండా, మనిషి మెలకువగా ఉన్న సమయంలో పెట్టండి. అరగంట ముట్టుకోకండి. చాలా ఛార్జింగ్ చిప్‌లకు తొలి ఛార్జికి ఒక కాలపరిమితి ఉంటుంది. అది దాటితే అవే ఆపేస్తాయి. కాబట్టి అరగంట తరువాత కేబుల్ ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. ఇలా రెండు మూడు గంటలు అవకాశం ఇవ్వండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, ఘాటైన తీపి వాసన వచ్చినా వెంటనే గోడ దగ్గర స్విచ్చు ఆపేయండి.

ఆ తరువాత ఛార్జరు పెట్టి ఉంచే, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. లేవకపోతే పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి 20 సెకన్లు నొక్కి చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లను బలవంతంగా మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఇది. తెర నల్లగానే ఉన్నా ఫోన్ కదిలిందా, శబ్దం చేసిందా గమనించండి. అలా చేసిందంటే ఫోన్ లేచింది, పోయింది తెర మాత్రమే.

అప్పటికీ లేవకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. దుకాణంలో డీసీ పవర్ సప్లై అనే యంత్రం ఉంటుంది. దాంతో బ్యాటరీకి కొలిచి, కొద్దిపాటి కరెంటు ఇచ్చి రక్షణ బోర్డును మళ్లీ తెరిపిస్తారు. దుకాణాల్లో దీన్ని బ్యాటరీ బూస్ట్ చేయడం అంటారు. అనుభవం ఉన్న మెకానిక్ ఇంకో మంచి పని కూడా చేయగలడు. బ్యాటరీని పూర్తిగా పక్కన పెట్టి, ఆ యంత్రం నుంచే బోర్డుకు నేరుగా 4 వోల్టులు ఇచ్చి ఫోన్ ఆన్ చేయగలడు. ఫోటోలు తీసుకోవడానికి అది చాలు. "బ్యాటరీ లేకున్నా బోర్డు లేస్తదా, ఒక్కసారి చూడన్నా" అని అడగండి.

ఇంట్లో మాత్రం బైక్ బ్యాటరీ తీగలు తెచ్చి ఫోన్ బ్యాటరీకి అంటించడం, ఫ్రిజ్జులో గడ్డ కట్టించడం లాంటి వీడియో చిట్కాలు చేయకండి. బైక్ బ్యాటరీ 12 వోల్టులది. అడ్డూ అదుపూ లేని ఆ ప్రవాహానికి రాగి కరిగిన బ్యాటరీ తట్టుకోదు.

ఉబ్బిన బ్యాటరీ

లోపలి ద్రవం విరిగిపోతే కార్బన్ డయాక్సైడు, ఇథిలీన్ లాంటి వాయువులు పుడతాయి. పొట్లం మూసి ఉంటుంది కాబట్టి అవి బయటికి పోలేక దాన్ని ఉబ్బిస్తాయి. ఉబ్బిందంటే బ్యాటరీ లోపల తిరిగిరాని మార్పు జరిగిపోయిందని తీర్పు. దాన్ని ఛార్జి చేయకూడదు, నొక్కి చదును చేయకూడదు, పిన్నుతో పొడిచి గాలి తీయకూడదు. ఆ గాలికి, ఆ ద్రవానికి మండే గుణం ఉంది. మండితే వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడు అనే విషవాయువు ఉంటుంది. మంట వస్తే ఫోన్‌ను కాపాడాలని చూడకండి, పిల్లల్ని తీసుకుని పొగకు దూరంగా జరగండి.

ఉబ్బిన ఫోన్‌ను పొడి ఇసుక పోసిన మట్టికుండలోనో ఇనుప డబ్బాలోనో ఇంటి బయట నీడన పెట్టి, వీలైనంత త్వరగా దుకాణానికి తీసుకుపోండి. బ్యాటరీ ఉబ్బినంత మాత్రాన ఫోటోలు పోలేదని గుర్తుంచుకోండి. అవి బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. బ్యాటరీ తీసేసి కొత్తది వేస్తే ఫోన్ లేచే అవకాశం బాగా ఉంటుంది. తీసిన బ్యాటరీని పంచాయతీ చెత్త ట్రాక్టరులో వేయకండి, ట్రాక్టరులో నలిగితే అక్కడే అంటుకుంటుంది. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. బ్యాటరీ మార్చిన దుకాణంలోనే దాన్ని అప్పగించి, సేకరణకు పంపమని అడగండి.

లేచిన ఫోన్‌తో మొదటి గంట

ఫోన్ లేచిందన్న సంతోషంలో చాలామంది వెంటనే సిమ్ము వేసి, అప్‌డేట్లు నొక్కి, యాప్‌లు తీసేసి కొత్తగా పెట్టుకుంటారు. ఆగండి. మొదటి గంట ఫోటోలది.

అన్నిటికన్నా ముందు పిన్ లేదా ప్యాటర్న్ అడుగుతుంది. పూర్తిగా ఆగి లేచిన ఫోన్‌కు వేలిముద్ర సరిపోదు, ఆ పిన్నో ప్యాటర్నో కావాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి చాలా ఫోన్లలో సమాచారం మొత్తం గుప్తలిపిలో నిల్వ అవుతోంది. దాని తాళం మీ పిన్‌తో ముడిపడి ఉంటుంది. పిన్ లేకుండా చిప్‌ను ఊడదీసి వేరే యంత్రంలో పెట్టినా ఏమీ చదవలేరు. దొంగ చేతికి దొరికిన ఫోన్‌కు ఇది మంచి రక్షణ. ఫోన్ వాడిన మనిషి లేని ఇంట్లో మాత్రం ఇదే పెద్ద అడ్డంకి. తోచిన అంకెలన్నీ వరసగా కొట్టకండి, తప్పుల సంఖ్య పెరిగితే ఫోన్ మరింత సేపు ఆగమంటుంది. ఇంట్లో కూర్చుని పుట్టినరోజులు, పెండ్లి తేదీ, బండి నంబరు గుర్తు చేసుకుని ఆలోచించి ప్రయత్నించండి. "రీసెట్ కొడితే తెరుచుకుంటది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రీసెట్ కొడితే తెరుచుకునేది ఖాళీ ఫోన్. పైగా 2015 తరువాతి ఆండ్రాయిడ్ ఫోన్లు రీసెట్ అయ్యాక పాత గూగుల్ ఖాతా అడుగుతాయి.

లోపలికి వెళ్లాక తేదీ చూడండి. గడియారానికి కూడా కరెంటు అందక ఆగిపోయి ఉంటుంది కాబట్టి చాలా ఫోన్లలో 1970 జనవరి 1 దగ్గరో, మరేదో పాత తేదీ దగ్గరో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టే రోజు 1970 జనవరి 1. తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. ముందు దాన్ని సరిచేయండి.

వెంటనే ఫోటోలు, వీడియోలు, వాయిస్ మెసేజిల ఫోల్డర్లను కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి, లేదా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌ను తీసేయకండి. 120 రోజులు వాడని వాట్సాప్ ఖాతా సాధారణంగా రద్దవుతుంది. కానీ యాప్ ఉన్నంతకాలం ఆ ఫోన్‌లోని పాత సందేశాలు ఫోన్‌లోనే ఉంటాయి. 2025 నుంచి ఆండ్రాయిడ్ 5 కన్నా పాత ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం లేదు. అయినా ఫోల్డర్‌లోని ఫోటోలు, ఆడియోలు మామూలు ఫైళ్లలాగే తీసుకోవచ్చు. సిమ్ము పనిచేయకపోతే కంగారు పడకండి. జియోకు 4జీ ఉన్న ఫోన్ కావాలి, మిగతా కంపెనీల 3జీ చాలావరకు మూతపడింది. కాబట్టి 3జీ కాలపు ఫోన్ ఇక ఫోన్‌లాగా పూర్తిగా పనిచేయకపోవచ్చు. ఆల్బమ్‌లాగా మాత్రం పనిచేస్తుంది.

ఆలస్యం చేయొద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఫోటోలు దాచే చిప్‌ను ఫ్లాష్ మెమరీ అంటారు. దాన్ని 1980లలో జపాన్‌లో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా కనిపెట్టాడు. అందులో ప్రతి అక్షరం, ప్రతి రంగుచుక్క సూక్ష్మమైన గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్ల రూపంలో ఉంటుంది. కరెంటు లేకపోయినా అవి ఏండ్ల తరబడి నిలుస్తాయి గానీ శాశ్వతంగా నిలవవు. చాలా వాడి అరిగిన చిప్‌లోంచి, వేడి చోట దాచిన చిప్‌లోంచి అవి త్వరగా జారిపోతాయి. గూగుల్ ఖాతాలో ఉన్నాయిలే అనుకుంటే, రెండేండ్లు ఎవరూ తెరవని ఖాతాలను తొలగించే విధానం 2023 డిసెంబరు నుంచి అక్కడా ఉంది.

దాచే ముందు నాలుగు పనులు

ఫోన్ దాచిపెట్టే వాళ్లకు నా మనవి ఇది. ఫోటోలను ముందే ఇంకో రెండు చోట్లకు ఎక్కించండి. బ్యాటరీని సగానికి ఛార్జి చేసి, ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి. పిన్ నంబరు, గూగుల్ ఖాతా పేరు కాగితం మీద రాసి, ఇంట్లో మీరు నమ్మిన మనిషికి ఇవ్వండి. ఫోన్‌ను అటక మీద కాకుండా ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, కింది అరలో పెట్టి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి ఎక్కించండి. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి అని పెట్టుకుంటే మరచిపోరు.

కంపెనీలను అడగవలసిన మాట కూడా ఒకటుంది. ఒకప్పుడు ఫోన్ వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్లం. ఇప్పుడు అతికించేస్తున్నారు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో, కొన్ని మినహాయింపులు తప్ప, బ్యాటరీని కొన్నవాళ్లే మార్చుకోగలిగేలా ఉండాలి. మన ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు పోర్టల్ మొదలుపెట్టింది. యూరప్‌లో హక్కుగా వచ్చిన సౌకర్యం గొల్లపల్లి దుకాణంలోని మెకానిక్‌కూ, అతని దగ్గరికి వచ్చే మనిషికీ దక్కాలి.

గల్ఫ్ నుంచి వచ్చిన పాత ఫోన్ మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే బయటికి తీయండి. ముందు ఉబ్బిందేమో చూడండి. ఉబ్బకపోతే ఛార్జరు పెట్టి అయిదు నిమిషాలకు ఆశ వదులుకోకండి, మూడు గంటల సమయమివ్వండి. చాలా ఫోన్లు లేస్తాయి. లేచిన రోజే ఫోటోలు తీసుకోండి.